వంటింటి దినుసులు, పేగుల కదలిక: గుంటూరు బ్రాడీపేటలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగం

మొన్న ఆదివారం సాయంత్రం బ్రాడీపేటలో పెద్దవాళ్ళ మీటింగులో రిటైర్డ్ ఫార్మసీ లెక్చరర్ మేడం గారు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు చాలామంది అడిగారు, అందుకని ఫోన్‌లో రికార్డు చేసింది విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం అంతే, మిగతాదంతా ఆవిడ అన్నది అన్నట్టే ఉంచాం.

అందరికీ నమస్కారమండీ. ముందొక చిన్న పని చేస్తాను, ఆ తర్వాత మాట్లాడతాను. ఇదిగో గాజు గ్లాసు, వెనకాల కూర్చున్నవాళ్ళకి కూడా కనపడాలని గాజుదే తెచ్చాను. ఇందులో పావు గ్లాసు నీళ్ళున్నాయి. ఇది ఇసబ్గోలు పొట్టు, రెండు చెంచాలు వేస్తున్నా, కలుపుతున్నా, అయిపోయింది. ముందు వరసలో బాబాయ్ గారూ, ఇది మీ దగ్గర పెడుతున్నా, మధ్యమధ్యలో ఒక చూపు చూస్తుండండి. దీని పని చివర్లో ఉంది.

ఇప్పుడొక ప్రశ్న. రాత్రి పడుకునే ముందో, అన్నం తిన్నాకో, అరుగుదలకని ఏదో ఒకటి వేసుకునేవాళ్ళు ఎంతమంది? మొహమాటపడకుండా చేతులెత్తండి. చూశారా, ఎత్తనివాళ్ళని లెక్కపెట్టడమే తేలిక. మీరేం వేసుకుంటారమ్మా? చూర్ణం. ఏ చూర్ణం? అరుగుదల చూర్ణం. సరే, అందులో ఏముంది? ఏమోనా. మీరండీ మాస్టారూ? వాము. మీరు? పరగడుపున మెంతులు నానబెట్టుకుని. మీరు తల్లీ? అల్లం మురబ్బా. మంచిది, అన్నీ మనవే, అన్నీ మన వంటింట్లోవే, పట్నం బజారులో ఏ పచారీ కొట్టుకెళ్ళినా దొరికేవే.

కానీ ఒక్కటి గమనించారా? మీరు నలుగురూ ఒకే మాట అన్నారు, అరుగుదలకి మంచిది అని. ఆ నాలుగూ పొట్టలోకి వెళ్ళి చేసే పనులు మాత్రం నాలుగు రకాలు. ఒకటి తోస్తుంది, ఒకటి బిగుసుకున్నదాన్ని వదులు చేస్తుంది, ఒకటి నెమ్మది చేస్తుంది, ఒకటి పైనున్న జీర్ణకోశాన్ని, అంటే తిన్నది ముందు వచ్చి పడే సంచిని, తొందరపెడుతుంది. తొయ్యాల్సిన చోట ఆపేది వేసుకుంటే? ఆపాల్సిన చోట తోసేది వేసుకుంటే? నేను ఇవాళ చెప్పదలుచుకుంది ఇదొక్కటే, ప్రతి దినుసుకీ ఒక దిక్కుంది, అది తెలుసుకుని వేసుకోండి అని. ముప్పై ఏళ్ళు మూలికల పాఠం చెప్పినదాన్ని, మీరెవరూ మానెయ్యమని చెప్పడానికి రాలేదు నేను, నాకు వీటి మీద ప్రేమే ఎక్కువ.

ముందు లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం. మనం ముద్ద మింగింది మొదలు అది కిందకి జారిపోదు, తోయబడుతుంది. అందుకే పడుకుని మింగినా ముద్ద లోపలికే వెళ్తుంది. ముద్దకి వెనకాల కండ నొక్కుకుంటుంది, ముందు కండ వదులవుతుంది, మళ్ళీ వెనక నొక్కు, ముందు వదులు, అలా అలలు అలలుగా. గోంగూర కాడ మీద ఆకు పురుగు పాకటం చూశారుగా, అలా. జీర్ణకోశంలో ఈ అలలు నిమిషానికి మూడు. చిన్నపేగు మొదట్లో నిమిషానికి సుమారు పన్నెండు. ఈ లెక్క ఎవరు పెడుతున్నారు? గుండెకి లయ ఇచ్చే కణాలున్నట్టే పేగు గోడలో కూడా లయ ఇచ్చే కణాలున్నాయి, కహాల్ కణాలంటారు, స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త కహాల్ పేరు మీద, ఆయనకి 1906లో నోబెల్ వచ్చింది. పేగు గోడలో ఉన్న నరాల కణాలు పది కోట్లకి పైనే. మెదడు చెప్పకపోయినా పేగు తన పని తాను చేసుకోగలదు. మనసు బాగుండటానికి సెరటోనిన్ అంటారే, ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళకి పైగా పేగులోనే ఉంటుంది, అక్కడ దాని పని కదలిక.

తిన్న భోజనం జీర్ణకోశంలోంచి ఖాళీ అవ్వడానికి రెండు నుంచి నాలుగు గంటలు, మన పెళ్ళి భోజనం లాంటిదయితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే నూనె, నెయ్యి ఎంత ఉంటే అంత నెమ్మది. చిన్నపేగు ఆరు మీటర్ల పొడవుంటుంది, అది దాటడానికి ఇంకో నాలుగైదు గంటలు. పెద్దపేగు ఒకటిన్నర మీటరే, కానీ అక్కడ ఒకరోజు, ఒకటిన్నర రోజు ఉంటుంది. అంటే ఇవాళ పొద్దున మీకు వచ్చిన మోషన్ నిన్న రాత్రి తిన్నది కాదు. ఇది చాలామందికి తెలీదు, రాత్రి తిన్నది పొద్దునకి పోలేదని కంగారుపడతారు. రోజుకి మూడుసార్లు దగ్గర్నుంచి వారానికి మూడుసార్ల దాకా ఏదైనా మామూలే, మీకు అలవాటైన లెక్క మారకుండా ఉంటే చాలు, ముక్కకుండా, నొప్పి లేకుండా అయితే చాలు. రోజూ ఠంచనుగా అవ్వకపోతే జబ్బేనని ఎవరు చెప్పారండీ మనకి? చూర్ణం డబ్బా చెప్పింది.

ఇంకొక్కటి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి జీర్ణకోశం దగ్గర్నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక పెద్ద అల ఊడ్చుకుంటూ వెళ్తుంది. మిగిలిన పిప్పి, సూక్ష్మజీవులు అన్నిటినీ చీపురు పెట్టి ఊడ్చినట్టు కిందకి నెట్టేస్తుంది. ఆకలేసినప్పుడు పొట్టలో గుడగుడమంటుందే, అది చాలావరకు ఈ చీపురు చప్పుడే. మనం ఏదైనా నోట్లో వేసుకోగానే ఆ ఊడవటం ఆగిపోతుంది. ఒక జంతిక, అరగంటకి కాసిని బఠాణీలు, ఇంకాసేపటికి టీ బిస్కెట్టు, ఇంక చీపురుకి పని ఎప్పుడు దొరుకుతుంది? లంఖణం పరమౌషధం అని మనవాళ్ళు ఊరికే అన్నారా? పూర్తిగా పస్తుండక్కర్లేదు, భోజనానికీ భోజనానికీ మధ్య ఖాళీ ఇస్తే చాలు. కడుపు ఉబ్బరం అన్నవాళ్ళకి మొదటి మందు ఇదే, కొనక్కర్లేదు.

సరే, దినుసుల దగ్గరికి వద్దాం. తోసేవాటితో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రమాదం ఎక్కువున్నది అక్కడే.

ఈ ఆకు చూడండి, చేతిలోకి తీసుకుని అటు పంపండి. పలచగా, పాలిపోయిన ఆకుపచ్చ, ఈనె కలిసే చోట మొదలు చూడండి, రెండు వైపులా సమానంగా ఉండదు, ఒక చెంప పైకి, ఒక చెంప కిందకి ఉంటుంది. మా పిల్లలకి ల్యాబ్‌లో దీన్ని గుర్తుపట్టటం ఇలాగే నేర్పేదాన్ని. ఇది సునాముఖి. నేలతంగేడు అని కూడా అంటారు. తమిళనాడు తిరునెల్వేలి వైపు బాగా పండిస్తారు, ప్రపంచమంతా దీన్ని తిన్నెవెల్లి సెన్నా అనే పిలుస్తుంది. డబ్బాల మీద సుఖ విరేచనం అని రాసి ఉండే చూర్ణాల్లో చాలావాటికి అసలు బలం ఈ ఆకుదే. పైన వాము, నల్లుప్పు, సోంపు, కరక్కాయ అన్నీ ఉంటాయి, కానీ పొద్దున్నే పరిగెత్తించేది ఇది.

ఎలా పనిచేస్తుందో వినండి, భలేగా ఉంటుంది. ఇందులో సెన్నోసైడ్లనే పదార్థాలున్నాయి. వాటికి చక్కెర ముక్కలు కట్టి ఉంటాయి, ఆ కట్టు వల్ల చిన్నపేగులో అవి అరగవు, ఒంటికి పట్టవు, అలాగే పెద్దపేగుదాకా వెళ్ళిపోతాయి. అక్కడ మన పేగులో కాపురముండే బాక్టీరియా ఆ కట్టు విప్పుతాయి. విప్పాక తయారయ్యే పదార్థం పెద్దపేగు గోడని రెచ్చగొట్టి గట్టిగా కదిలిస్తుంది, పైగా మలంలోంచి నీళ్ళు వెనక్కి లాక్కోకుండా అడ్డుపడుతుంది. ఇదంతా జరగటానికి ఆరు నుంచి పన్నెండు గంటలు. అందుకే రాత్రి వేసుకుంటే పొద్దున పని. చూశారా, సునాముఖి జీర్ణకోశానికి చేసేది ఏమీ లేదు, అన్నం అరగటానికి దానికీ సంబంధమే లేదు. పుల్లటి తేన్పులొస్తున్నాయని, గుండెల్లో మంటని ఈ చూర్ణం వేసుకునేవాళ్ళున్నారు. మంట పైన, మందు కింద.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. చెప్పటం నాకు కష్టమే, అయినా చెప్తాను.

మా అమ్మ తెనాల్లో ఒక్కతే ఉండేది. బీపీకి మాత్ర వేసుకునేది, అందులో నీళ్ళు పోయించే మందు కూడా కలిసి ఉండేది. మోషన్ సాఫీగా అవ్వట్లేదని ఎవరో చెబితే చూర్ణం మొదలుపెట్టింది. మొదట చెంచా. రెండేళ్ళకి అది చాలక రెండు చెంచాలు. ఇంకో రెండేళ్ళకి మూడు. నెలకోసారి డబ్బా కొని పంపించింది ఎవరనుకున్నారు? నేనే. కాలేజీలో సునాముఖి పాఠం చెప్పి, సాయంత్రం వస్తూ వస్తూ కొట్లో డబ్బా కొని తెనాలి బస్సులో తెలిసినవాళ్ళకిచ్చి పంపేదాన్ని. ఒక జూన్ నెల పొద్దున్నే పక్కింటావిడ ఫోను, మీ అమ్మ మంచం మీదనుంచి లేవలేకపోతోంది, కాళ్ళు కదలట్లేదంటోంది అని. పక్షవాతమేమో అని గుండె జారిపోయింది. ఆసుపత్రిలో చేర్పించాం, ఏ మందులు వాడుతున్నారని అడిగారు, అమ్మ బీపీ మాత్ర ఒక్కటే చెప్పింది. చూర్ణం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అమ్మా అని తర్వాత అడిగితే, అది మందు కాదుగా అమ్మాయ్ అంది. రక్తంలో పొటాషియం మూడున్నర నుంచి ఐదు ఉండాలి, అమ్మకి రెండూ పాయింట్ నాలుగు ఉంది. ఒకపక్క బీపీ మాత్ర మూత్రంలో పొటాషియం పోగొడుతోంది, ఇంకోపక్క చూర్ణం విరేచనంలో పోగొడుతోంది. పొటాషియం పడిపోతే కండలు పడిపోతాయి, గుండె లయ తప్పుతుంది.

ఇప్పుడు అసలు మాట వినండి. పేగు కూడా కండేగా? పొటాషియం తగ్గితే పేగు కూడా పడకేస్తుంది. అంటే ఏ మలబద్ధకానికని చూర్ణం వేసుకుందో ఆ మలబద్ధకాన్ని ఆ చూర్ణమే పెంచింది, పెరిగిందని ఇంకో చెంచా, ఆ చెంచాతో ఇంకొంచెం పొటాషియం. నాలుగేళ్ళు ఆవిడ ఆ చక్రంలో తిరిగింది, నేను తిప్పాను. సెలైన్లో పొటాషియం ఎక్కించాక మూడో రోజుకి లేచి కూర్చుంది, దేవుడి దయ. తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు మాతో గుంటూర్లోనే ఉంది. ఆ డబ్బా మీద ఏం రాసుందో తెలుసా? పూర్తిగా సహజం, ఎలాంటి దుష్ఫలితాలూ లేవు అని.

కాబట్టి సునాముఖి చెడ్డదా? కాదండీ. ప్రపంచమంతా డాక్టర్లే రాస్తారు, ఆపరేషన్ల తర్వాత, నొప్పికి మార్ఫిన్ జాతి మందులు వాడేవాళ్ళకి, ఎంతో ఉపయోగం. కొద్ది రోజులకి, అవసరానికి. ఏళ్ళ తరబడి మీ అంతట మీరు వేసుకోవటానికి కాదు. గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్ళు, నీళ్ళు పోయే మాత్రలు వాడేవాళ్ళు అసలే ముట్టుకోవద్దు డాక్టరుకి చెప్పకుండా. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి కెమెరా పెట్టి చూస్తే పెద్దపేగు లోపలంతా నల్లగా మచ్చలు పట్టి కనపడుతుంది, ఆ నలుపు వల్ల ప్రమాదం లేదు, మానేస్తే కొన్ని నెలల్లో పోతుంది, కానీ ఎవరు ఎంత వాడారో మాత్రం ఆ గోడ మీద రాసి ఉంటుంది. కలబంద లోపలి జెల్లు కాదు, తొక్క కింద పసుపు పాలు కారతాయే, అది కూడా ఈ జాతిదే. అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచనం మందుల్లో కలబందని 2002లో ఆపేశారు.

ఆముదం సంగతి కూడా చెప్పుకోవాలిగా. మన చిన్నప్పుడు నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం ముక్కు మూసి తాగించేవాళ్ళు, ఆ రోజంతా చారన్నమే. గుర్తుందా? ఆ వాసన తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆముదంలో ఉండే రిసినోలిక్ ఆమ్లం చిన్నపేగులో విడిపోయి పేగు కండని కుదిపేస్తుంది, రెండు నుంచి ఆరు గంటల్లో పని. ఏ తాళంలో ఈ తాళంచెవి దూరుతోందో 2012 దాకా సరిగ్గా తెలీదు, జర్మనీ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు, పేగు కండ మీద ప్రోస్టాగ్లాండిన్లకని, అంటే ఒంట్లోనే తయారయ్యే కొన్ని రసాయనాలకని, ఉండే ఒక తాళమే అది. అదే తాళం గర్భసంచి కండ మీద కూడా ఉంది. అందుకే గర్భిణీలకి ఆముదం తాగించకూడదని పెద్దవాళ్ళు చెప్పింది నిజం. పసిపిల్లలకి కూడా వద్దమ్మా, ఒంట్లో నీళ్ళు పోతే పసివాళ్ళు తట్టుకోలేరు.

ఇంక ఆపేవి. పచ్చి మారేడు కాయ, దానిమ్మ తొక్క. నోట్లో వేసుకుంటే నాలుక పట్టేసినట్టు వగరు ఉంటుందే, ఆ వగరు టానిన్లనే పదార్థాలది. విరేచనాలప్పుడు మన పల్లెల్లో ఇవే ఇచ్చేవాళ్ళు. మారేడు పండితే మళ్ళీ వేరే, పండిన గుజ్జు మోషన్ సాఫీగా అవ్వటానికి వాడతారు. ఒకే చెట్టు, ఒకే కాయ, పచ్చిది ఒక దిక్కు, పండు ఒక దిక్కు. ఆపేవాటిలో అన్నిటికన్నా పెద్దది నల్లమందు. దాంట్లో మార్ఫిన్ పేగు నరాల మీద పనిచేసి అలల్ని ఆపేస్తుంది. దానికి దూరపు చుట్టమే ఇప్పుడు మందుల షాపులో అడగ్గానే ఇచ్చే లోపెరమైడ్, అది మెదడుకి పెద్దగా వెళ్ళకుండా పేగులోనే ఉండిపోయేలా తయారుచేశారు. జ్వరంతో విరేచనాలైనా, రక్తం పడినా ఆపేవి వేసుకోకండి, లోపలున్న విషం బయటికి పోనివ్వాలి, ఓఆర్‌ఎస్ తాగుతూ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఉమ్మెత్త గురించి ఎవరో ఇందాక అడిగారు. ఉమ్మెత్తలో ఉండే పదార్థం పేగుకి వచ్చే నరం సందేశాన్నే కోసేస్తుంది, పేగుతో పాటు నోరు ఎండిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, మతి పోతుంది, ప్రాణం కూడా పోతుంది. ఇంట్లో దాని జోలికి పోవద్దు, అంతే.

వాము గురించి మాస్టారు అడుగుదామని చూస్తున్నారు. వాము, జీలకర్ర, సోంపు, పుదీనా, ఇవి తోసేవీ కాదు, ఆపేవీ కాదు. బిగుసుకున్న కండని వదులు చేస్తాయి. గ్యాస్ పట్టి పొట్ట బిగుసుకుపోయిందంటాం చూడండి, అక్కడ పేగు ఒకచోట పట్టేసినట్టు నొక్కుకుని ఉంటుంది, వెనకాల గాలి ఆగిపోతుంది. వాములో థైమాల్ ఉంది, నలిపితే ఘాటుగా ముక్కుకి కొట్టేది అదే. పుదీనాలో, ముఖ్యంగా పెప్పర్‌మింట్ అనే ఘాటు జాతిలో, మెంథాల్ ఉంది, అది కండలోకి కాల్షియం వెళ్ళే దారి మూస్తుంది, కాల్షియం లేకపోతే కండ బిగుసుకోలేదు. పుదీనా నూనె జీర్ణకోశంలో కరగకుండా పేగులోకి వెళ్ళి కరిగే క్యాప్సూల్స్‌గా వస్తుంది, ఐబీఎస్, అంటే తరచూ కడుపునొప్పి వస్తూ మోషన్ లెక్క తప్పే పేగు ఇబ్బంది, ఉన్నవాళ్ళకి నొప్పికి వాడొచ్చని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచనల్లో కూడా చెప్పింది. కానీ వదులు చేసేది అన్నిచోట్లా వదులు చేస్తుంది. అన్నవాహికకీ జీర్ణకోశానికీ మధ్య ఒక మూత ఉంటుంది, పుదీనా దాన్ని కూడా వదులు చేస్తుంది, అప్పుడు పులుపు పైకి తన్నుకొస్తుంది. గుండెల్లో మంట ఉన్నవాళ్ళు భోజనమయ్యాక పుదీనా బిళ్ళ చప్పరిస్తే మంట పెరుగుతుంది. ఎంతమంది చేస్తున్నారో ఈ పని! హోటల్లో బిల్లుతో పాటు సోంపు ఇస్తారు, అది బానే ఉంటుంది చాలామందికి, పుదీనా నూనె అంత గాఢంగా ఉండదు.

అల్లం, శొంఠి. శొంఠి లేని కషాయం లేదంటారుగా. మా ఇంట్లో ఇప్పటికీ మొదటి ముద్ద శొంఠి పొడి, నెయ్యి, వేడన్నం. బాలింతకి పెట్టే కాయంలో కూడా శొంఠి ఉండాల్సిందే. పచ్చి అల్లంలో ఉండే జింజెరాల్ ఎండబెడితే షోగాల్ అవుతుంది, అందుకే శొంఠి ఘాటు అల్లం ఘాటులా ఉండదు, వేరేగా ఉంటుంది. అల్లం పనిచేసేది పైన, జీర్ణకోశంలో. 2008లో తైవాన్‌లో 24 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 1.2 గ్రాముల అల్లం పొడి ఇచ్చి, గంట తర్వాత సూపు తాగించి స్కానింగులో చూశారు. సూపు సగం ఖాళీ అవ్వడానికి అల్లం లేకుండా సుమారు 27 నిమిషాలు పట్టింది, అల్లంతో 13 నిమిషాలు. సగానికి సగం! 1.2 గ్రాములంటే ఎంతనుకున్నారు, చిన్న చెంచాలో సగం. 2011లో వాళ్ళే అజీర్తి ఉన్న 11 మందికి ఇచ్చి చూశారు, అక్కడా జీర్ణకోశం త్వరగానే ఖాళీ అయింది. కానీ వాళ్ళకున్న బాధల్లో తేడా కనపడలేదు. ఇది నిజాయితీగా చెప్పుకోవాలి. కదలిక పెరిగితే బాధ తగ్గి తీరాలని లేదు, బాధకి వేరే కారణాలు చాలా ఉంటాయి.

జర్మనీలో ఐబెరోగాస్ట్ అని తొమ్మిది మూలికల మందు ఒకటి 1961 నుంచి అమ్ముతున్నారు. దాన్ని పరీక్షించినవాళ్ళకి కనపడిందేంటంటే, జీర్ణకోశం పైభాగాన్ని అది వదులు చేస్తోంది, కిందిభాగాన్ని గట్టిగా కదిలిస్తోంది. ఒకే సంచి, పైన ఒకటి, కింద ఒకటి. పైన వదులైతేనే నాలుగు ముద్దలు పడతాయి, కింద కదిలితేనే ముందుకి పోతుంది. అజీర్తి అనే ఒక్క మాటలో ఎన్నున్నాయో చూడండి.

మెంతులు. మెంతులు నెమ్మది చేసేవి. నానితే జిగురొస్తుందే, ఆ జిగురు జీర్ణకోశంలోంచి అన్నాన్ని మెల్లగా వదులుతుంది, అందుకే షుగర్ ఒక్కసారిగా పెరగదు. మంచిదే. అయితే ఇరవై ఏళ్ళ నుంచి షుగర్ ఉన్నవాళ్ళలో కొందరికి నరాలు దెబ్బతిని జీర్ణకోశం కదలటమే తగ్గిపోతుంది, నాలుగు ముద్దలకే నిండిపోతుంది, పొద్దున తిన్నది సాయంత్రానికి కూడా వాంతిలో వస్తుంది. అలాంటివాళ్ళు మెంతులు వేసుకుంటే అసలే నడవని బండికి రాయి అడ్డం పెట్టినట్టు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు మెంతులు మొదలుపెడితే డాక్టరుకి చెప్పండి, షుగర్ పడిపోవచ్చు.

గుంటూర్లో ఉండి మిరపకాయ గురించి చెప్పకపోతే మిర్చి యార్డు వాళ్ళు ఊరుకోరు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాన్ని తట్టి లేపుతుంది, ఆ నరం మీది తలుపుని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుక్కుంది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ తలుపు నోట్లోనే కాదు, పేగు పొడుగునా ఉంది. అందుకే మిరపకాయ బజ్జీ లోపలికి వెళ్ళేటప్పుడే కాదు, బయటికి వచ్చేటప్పుడు కూడా తెలుస్తుంది. ఐబీఎస్ ఉన్నవాళ్ళకి ఈ నరాలు మరీ చురుగ్గా ఉంటాయి, కారం పడగానే కడుపులో మెలిపెడుతుంది. రోజూ తినేవాళ్ళకి ఆ నరం మొద్దుబారుతుంది, మనకి లెక్కలేని కారం హైదరాబాదు అల్లుడికి కళ్ళనీళ్ళు పెట్టిస్తుంది.

బాబాయ్ గారూ, గ్లాసు ఏమైంది? పైకెత్తి చూపించండి. బోర్లించండి, పర్లేదు, పడదు. చూశారా? పడలేదు. చెంచా నిలబడింది. ఇది ఇసబ్గోలు, గుజరాత్, రాజస్థాన్‌లో పండుతుంది. ఇది నరాన్ని రెచ్చగొట్టదు, కండని కొట్టదు. నీళ్ళు పట్టుకుని ఉబ్బి, మలాన్ని మెత్తగా, బరువుగా చేస్తుంది, నిండినప్పుడు పేగు తనంతట తానే కదులుతుంది. ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, రాత్రి వేసుకుని పొద్దున రాలేదని తిట్టుకోకండి. నీళ్ళు తక్కువ తాగి మింగారనుకోండి, ఇదిగో, ఈ ముద్ద గ్లాసులో కాకుండా మీ గొంతులో, మీ పేగులో తయారవుతుంది. పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో తాగండి, పైన ఇంకో గ్లాసు. మింగటం కష్టంగా ఉన్నవాళ్ళు వాడొద్దు. థైరాయిడ్ మాత్రకీ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే మాత్ర కూడా ఆ జిగురులో చిక్కుకుపోతుంది. రోజూ వాడుకోవచ్చా అంటే, వాడుకోవచ్చు. మా అమ్మ ఆ తొమ్మిదేళ్ళూ దీని మీదే గడిపింది, ఇదీ, జామపండూ, పొద్దున్నే కాఫీ తాగి వెంటనే వెళ్ళి కూర్చోవటమూ. పొద్దున పొట్టలోకి ఏదైనా పడగానే పెద్దపేగు కదులుతుంది, ఆ టైముని వదులుకోకండి, వాట్సాప్ తర్వాత చూసుకోవచ్చు.

ఏ దినుసూ వేసుకోకుండా ముందు డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సినవి చెప్పి ఆపుతాను. మలంలో రక్తం, లేదా తారులా నల్లగా రావటం. ప్రయత్నం లేకుండా బరువు తగ్గటం. రక్తం తక్కువుందని తేలటం. యాభై దాటాక ఎన్నాళ్ళ అలవాటో ఉన్నట్టుండి మారిపోవటం. పొట్ట ఉబ్బి, గాలి కూడా పోకుండా, వాంతులవటం. ఈ చివరి దాంట్లో తోసే మందు వేసుకుంటే పేగు పగిలే ప్రమాదం ఉంది, అర్థమైందా? మూసుకున్న తలుపుని తొయ్యకూడదు.

వెనకనుంచి ఒకావిడ అడుగుతున్నారు, త్రిఫల మాటేంటని. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఇదిగో కరక్కాయ, దీని మీద ఐదు గీతలు తేలి ఉంటాయి, చూసి కొనుక్కోండి. సునాముఖి అంత దూకుడు కాదు, మెత్తగా తోస్తుంది. రోజూ ఏళ్ళ తరబడి వాడేముందు మాత్రం మీరు వాడే మిగతా మాత్రలు చూపించుకోండి. గర్భిణీలు వద్దు. ఇంకోటి, త్రిఫల అని పెద్ద అక్షరాలతో రాసి, కింద చిన్న అక్షరాల్లో సునాముఖి కూడా కలిపిన డబ్బాలు నేను చూశాను. అందుకే కిందటి వారం మీ అందరినీ ఇంట్లో వాడే డబ్బాలు తెచ్చుకోమన్నాను.

తెచ్చారా? బల్ల మీద పెట్టండి. కళ్ళజోడు మర్చిపోయినవాళ్ళు కంగారుపడకండి, నేను చదువుతాను. మీదేనా అమ్మా ఇది, ఇందాక అరుగుదల చూర్ణమన్నారే? ఇటివ్వండి. వాము, నల్లుప్పు, సోంపు, ఇదిగో, నాలుగో లైన్లో. సునాముఖి. ఎన్నేళ్ళైంది మొదలుపెట్టి? బీపీకి ఏం వేసుకుంటున్నారు? ఆ మాత్ర అట్ట ఉందా మీ బ్యాగులో, చూడండి.